కట్టు లేని మోకాలు

నానక్‌రామ్‌గూడలో పాత ఊరు దాటాక, రెండు అద్దాల మేడల మధ్య ఇంకా ఎవరూ పునాది తవ్వని జాగా ఒకటి ఉంది. రవీందర్ సార్ అక్కడే ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతాడు. పొద్దంతా బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని. సాయంత్రం ఆటోలు మారి వచ్చి, చేతులకంటిన నూనె మరక పోకముందే ముగ్గుపిండితో గీతలు గీస్తాడు. ఆ గీతల మధ్య ఆడేవాళ్లలో అందరికంటే చురుకైన పిల్ల పింకీ.

పగలు పింకీ ఆ మేడల్లోనే ఒకదాని గేటు దగ్గర లేడీ గార్డు. ఆఫీసుకు వచ్చే ఆడవాళ్ల బ్యాగులు చూసి లోపలికి పంపుతుంది. అక్కడ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. కూతకు వెళ్తే మాత్రం వేరే మనిషి. ఎదుటివాళ్లలో ఎవరి మడమ ముందు కదులుతుందో చూసి, ఆ పక్కనుంచే ముట్టి వచ్చేస్తుంది. ఆ చలికాలం రాష్ట్ర జట్టుకు సెలక్షన్లు ఉన్నాయి. జట్టులో చోటు దొరికితే ఆటగాళ్ల కోటాలో పర్మనెంటు ఉద్యోగానికి దారి దొరకొచ్చని రవీందర్ సార్ అన్నాడు. పింకీ ఆ మాట తల్లి లచ్చమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. చెబితే చెయ్యి జారిపోతుందేమోనని భయం.

వాళ్ల ఆటలో ఒక మాయ ఉంది. మోకాలు నొస్తే, నొచ్చే మోకాలికి కట్టు కట్టరు. బాగున్న దానికి కడతారు. పట్టుకునేవాళ్ల కళ్లు ముందు కట్టు మీదే పడతాయి, అదే దెబ్బ తగిలిన కాలనుకుని దాని మీదికే దూకుతారు. అసలు కాలు తప్పించుకుంటుంది. పింకీకి ఈ మాయ నేర్పింది రవీందర్ సారే. ఆయనకు ఎవరు నేర్పారో ఆయనకే గుర్తు లేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం, రవీందర్ సార్ ఇంకా రాలేదు. అమ్మాయిలు తమంతట తామే ఆట మొదలుపెట్టారు. కూతకు వెళ్లిన పింకీ గీత వైపు తిరగబోయింది. ఎవరూ ముట్టుకోలేదు. కుడి పాదం నేలలో పాతుకున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలు లోపలి వైపుకు వాలి, టప్‌మని ఏదో తెగినట్టయింది.

అమ్మాయిలు చుట్టూ మూగారు. వాళ్లలో ప్రశాంతి పింకీ మడమ పట్టుకుని గట్టిగా గుంజింది.

"పట్టేసింది, అంతే. గుంజితే సెట్ అయితది."

"నీ చెయ్యి పడ్డంక బతికినోళ్లు ఉన్నరా?" అంది పింకీ, పళ్లు బిగబట్టి.

అందరూ నవ్వారు. పింకీ మాత్రం ప్రశాంతి చెయ్యి వదల్లేదు. "సార్‌కు చెప్పకే," అంది మెల్లగా.

ఇల్లు చేరేసరికి మోకాలు కుండలా వాచింది. లచ్చమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. మరునాడు దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదన్నారు. నొప్పికి గోళీలిచ్చి, వాపు దిగాక మళ్లీ వచ్చి చూపించుకొమ్మన్నారు. తల్లీకూతుళ్లిద్దరికీ ఎముకకు ఏం కాలేదన్న మాటే వినబడింది. మళ్లీ రమ్మన్న మాట ఇద్దరిలో ఒకరి చెవికీ ఎక్కలేదు. లచ్చమ్మ దారిలో మైసమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టింది.

ఒంట్లో బాగాలేదని సార్‌కు కబురు పంపి పింకీ గ్రౌండ్‌కు వెళ్లలేదు. కొన్ని వారాలకు వాపు దిగింది. నడక మామూలైంది. ఒకరోజు డ్యూటీలో మెట్లు దిగుతుంటే మాత్రం మోకాలు తనది కానట్టు ఒక్క క్షణం పక్కకు జారి, మళ్లీ దాని చోటికి అది వచ్చింది. నొప్పి లేదు. నొప్పి లేకుండా జారినందుకే పింకీకి ఎక్కువ భయమేసింది. గోడ పట్టుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

ఆ సాయంత్రం ఎడమ మోకాలికి కట్టు కట్టుకుని గ్రౌండ్‌కు వెళ్లింది.

"ఎడమదా నొస్తున్నది?" అన్నాడు రవీందర్ సార్.

పింకీ తల ఊపింది. పక్కనే ఉన్న ప్రశాంతి తల దించుకుని లేసు కట్టుకుంటూ ఉండిపోయింది.

"ఫికర్ చెయ్యకు. ఎడమ కాలు మీద బరువు పెట్టకు. తిరిగితే కుడి కాలు మీదనే తిరుగు. జర కుడిదాన్ని గట్టి చేద్దాం."

ఆ రోజు నుంచి అందరి ఆట అయిపోయాక ఆయన పింకీ చేత కుడి కాలి మీద గెంతించేవాడు. ఎడమ కాలికి నొప్పి తగలకూడదని తన భుజం ఆసరా ఇచ్చేవాడు. ఎదుటి జట్టు కోసం తను నేర్పిన మాయ తన మీదికే వస్తుందని ఆయనకు తోచలేదు. పింకీకి నోటి దాకా వచ్చేది. కానీ చెబితే సెలక్షన్ల నుంచి పేరు తీసేస్తాడు. గెంతుతూనే ఉంది.

సెలక్షన్లకు ముందు నిజాంపేట హాస్టల్ అమ్మాయిలతో ఒక ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టారు. పింకీ కూతకు వెళ్లగానే వాళ్లు అనుకున్నట్టే ఎడమ కాలి మీద పడ్డారు. మాయ పారింది. ఎడమ కాలు విదిలించుకోవడానికి ఒంటి బరువంతా కుడి కాలి మీద వేసింది. మోకాలు జారింది. ఈసారి తిరిగి దాని చోటికి రాలేదు. లోపల ఏదో అడ్డుపడి కాలు వంగినచోటే బిగుసుకుపోయింది.

రవీందర్ సార్ పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ కాలి కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"అది కాదు సార్."

ఆయన చేతులు ఆగాయి. పింకీ రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుని ఉంది.

"ఎప్పటిసంది?"

"మొదటిసంది ఇదే సార్."

"నేను దీని మీద దుంకమన్న కద, ఇన్నొద్దులు."

"అవును సార్."

ఆయన సగం విప్పిన కట్టును అలాగే వదిలేశాడు. ఆమెను ఎత్తుకుని ఆటో దాకా తీసుకెళ్లాడు.

మాదాపూర్‌లో ఆటల దెబ్బలు చూసే ఒక క్లినిక్ ఉంది. అక్కడ ఫిజియోథెరపీ చేసే ఉమాశ్రీ కాకినాడ వైపు మనిషి. ఆవిడ ముందు ఎడమ కాలు చేతిలోకి తీసుకుంది.

"అది మంచిగనే ఉన్నది మేడం," అంది పింకీ.

"అందుకేనమ్మా. బాగున్నది ఎలా ఉందో చూస్తే కదా రెండోది తెలిసేది."

ఒక చేత్తో తొడను అదిమిపట్టి, రెండో చేత్తో కాలిని ముందుకు లాగింది. ఎడమ కాలు కొంచెం కదిలి, గుంజకు కట్టేసినట్టు ఆగింది. కుడి కాలు సొరుగులా ముందుకు వచ్చేసింది. పింకీ తన కళ్లతో చూసింది. ఎంఆర్ఐ తీయించాక డాక్టరు ప్లాస్టిక్ మోకాలి బొమ్మ పట్టుకుని చెప్పాడు. ఎక్స్‌రేలో ఎముకే కనబడుతుంది. తొడ ఎముకనూ కింది ఎముకనూ లోపల కలిపి ఉంచే తాడు లాంటి లిగమెంట్ అందులో కనబడదు. అది మొదటిరోజే తెగి ఉంటుంది. గంటల్లో అంత వాపు రావడం లోపల రక్తం చేరడం వల్లే. రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే గుజ్జు చిరిగి ఇరుక్కోవడం వల్ల ఇప్పుడు కాలు చాపుకోలేకపోతోంది.

"గుజ్జు ఎప్పుడు చినిగింది సార్?" అని రవీందర్ అడిగాడు.

"తర్వాతే అయ్యుండాలి. జారే మోకాలితో ఆడుతూ పోతే అంతే కదా."

"నేను దుంకిపిచ్చినందుకేనా?"

డాక్టరు జవాబిచ్చేలోపే పింకీ అందుకుంది. "నేనే చెప్పలే సార్."

"ఎట్ల చెప్తవ్ బిడ్డా. దెబ్బ తాకిందంటే పేరు తీసేస్త అని నేనే అందరికి చెప్పి పెట్టిన."

ఆపరేషన్‌లో చిరిగిన గుజ్జుకు కుట్లు వేశారు. తొడ వెనక నుంచి నరం లాంటి పోగు ఒకటి తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. సెలక్షన్లు జరిగిన వారం పింకీ మంచం మీదే ఉంది. లచ్చమ్మ టీవీ చప్పుడు తగ్గించి, ఇంట్లో ఆ ఊసెత్తలేదు.

తర్వాత నెలల తరబడి ఉమాశ్రీ దగ్గరే. మొదట కాలు చాపడం, తర్వాత తొడ కండ బిగించడం, తర్వాత మెట్టెక్కడం. అద్దం ముందు చిన్న పీట మీదనుంచి దూకించి, ఉమాశ్రీ ఆమె మోకాళ్లు చూపించేది.

"చూడు, దూకి దిగేటప్పుడు రెండూ లోపలికి వాలుతున్నాయి. తొడ వెనక కండలో బలం తక్కువ. మీది గట్టి నేల. అంతసేపు నిలబడే ఉద్యోగం చేసి, అలసిపోయి ఆడతావు. ఆ రోజు ఎవరూ తోయకుండానే పడ్డానన్నావు కదా, ఇందుకే."

గోడ పక్కన నిలబడి ఇదంతా విన్న రవీందర్ సార్ ఆ వారం నుంచే గ్రౌండ్‌లో అమ్మాయిలందరికీ ముందుగా దూకి దిగడం నేర్పసాగాడు. "మల్ల చిన్నపిల్లల లెక్క దుంకుడేంది సార్?" అని ప్రశాంతి గొణిగితే, "దుంకు," అన్నాడు.

మళ్లీ సెలక్షన్లు దగ్గరపడ్డాయి. ఉమాశ్రీ నేల మీద టేపు పరిచింది. ఒంటికాలి మీద ఎంత దూరం దూకగలదో, ముందు బాగున్న కాలితో, తర్వాత ఆపరేషన్ చేసిన కాలితో కొలుస్తుంది. రెండోది మొదటిదానికి దగ్గరగా వస్తేనే ఆటకు ఒప్పుకుంటుంది. రవీందర్ సార్ లీవు పెట్టి వచ్చాడు.

పింకీ ఎడమ కాలి మీద నిలబడింది. కుడి కాలు ఎంత దూరం పోగలదో ఆమెకు తెలుసు. ఎడమ కాలితో కాస్త తగ్గించి దూకితే చాలు, రెండూ సరిపోతాయి. టేపు మీద పడిన గుర్తు తప్ప ఉమాశ్రీకి ఇంకేం కనబడుతుంది? రవీందర్ సార్ ఆశగా చూస్తున్నాడు.

ఎడమ కాలిలో ఉన్న బలమంతా పెట్టి దూకింది. ఇంతవరకూ అంత దూరం ఎన్నడూ దూకలేదు.

తర్వాత కుడి కాలు. మోకాలు నిలబడింది, వణకలేదు. కానీ గుర్తు చాలా వెనకే పడింది.

ఉమాశ్రీ రెండుసార్లు కొలిచింది. "ఇంకా టైం పడుతుందమ్మా. ఇప్పుడు కోర్టులోకి దిగితే మళ్లీ తెగొచ్చు."

"సెలక్షన్లు నెలాఖరుకే మేడం," అన్నాడు రవీందర్.

"తెలుసండి."

ఆయన పింకీ వైపు తిరిగాడు. ఆమె ఒక్కమాటంటే ఎలాగో ఒకలా తీసుకెళ్లేట్టే ఉన్నాడు.

"నా పేరు ఇయ్యకుండ్రి సార్," అంది పింకీ. "ఈ కాలు ఇంకా తయారు కాలే."

"మరి కూతకు ఎవరు?" అన్నాడు ఆయన.

"ప్రశాంతిని పంపుండ్రి. మధ్యల నవ్వుతది, అదొక్కటి మాన్పియ్యాలె. నేను గీత బయట నిలబడి చూస్త."

"బయటనే."

"బయటనే సార్."

ఉమాశ్రీ టేపు చుట్టేసి పీట ముందుకు జరిపింది. పింకీ చెంపల మీది నీళ్లు మోచేత్తో తుడుచుకుని, కుడి కాలు పీట మీద పెట్టి ఎక్కింది.