మధ్యాహ్నం పట్టిన చంద్రగ్రహణం

అప్పట్లో నేను బోధన్‌లో విలేకరిని. పౌర్ణమి నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు చంద్రగ్రహణమని వార్త రాశాను. మన దేశంలో కనిపించదన్న వాక్యం వదిలేశాను.

ఆ రోజు పక్కింటి సుజాత, ఏడు నెలల గర్భిణి, పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టలేదు. ఒంటిగంటకు కళ్లు తిరిగి కూలబడింది. నేను పరుగెత్తుకెళ్లి నీళ్లు పట్టమంటే, "గ్రహణం ఇడవనియ్యి" అంటూ ఆమె అత్త నా వార్తే చూపించింది.

కందకుర్తి నుంచి వచ్చిన సుజాత అవ్వ చెంబు అందుకుంది.

"పున్నమి చంద్రుడు పొద్దుగూకంగ ఎక్కుతడు. గిప్పుడు మన కాళ్ల కింద ఉన్నడు. మొగులు మీద లేనోనికి గ్రహణమేంది? పిల్లను సంపుతరా?" అంటూ నీళ్లు తాగించింది.

సుజాత తేరుకున్నాక అవ్వ నావైపు తిరిగింది. "రాసేటోనివి, ఒక్కపారి మొగులు దిక్కు సూడొద్దా బిడ్డా?"

ఆ తర్వాత ఏ గ్రహణం వార్తయినా, ఎక్కడ కనిపిస్తుందో రాశాకే ఎప్పుడన్నది రాశాను.