ఫ్యాన్ తిరిగిన వైపు

కృపాకుమారికి బందరులో ఒక ఆఫీసుంది. జిరాక్స్ షాపు మీద ఒకే గది, రెండు కుర్చీలు. ఒకటి తనది, రెండోది తనతో ఇంజినీరింగు చదివిన ఉదయ్ కిరణ్‌ది. కార్ఖానాల్లో నీళ్లూ కరెంటూ వృథా కాకుండా సలహాలివ్వడం వాళ్ల వ్యాపారం. బోర్డు ఘనంగానే ఉంది, ఆరు నెలలైనా సలహా అడిగిన నాథుడే లేడు. హైదరాబాదు కంపెనీ ఒకటి సోమవారం వచ్చి చేరమంది. ఈలోపు ఒక్క పనైనా దొరక్కపోతే గదికి తాళం వేసి రైలెక్కుతానని ఇంట్లో మాటిచ్చేసింది. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

శుక్రవారం ఇద్దరూ చిలకలపూడిలో గోవర్ధనరావు గారి రోల్డ్ గోల్డ్ షెడ్డుకు వెళ్లారు. కృప మెడలో కార్డు, చేతిలో నీళ్లు పరీక్షించే మీటరు చూడగానే ఆయన హడలిపోయారు. కుర్చీ వచ్చింది, కూల్‌డ్రింకు వచ్చింది, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఆమె వైపు తిరిగింది.

"అన్నీ రూలు ప్రకారమే చేస్తున్నామండీ మేడం గారూ."

చెప్పకు అన్నట్టు ఉదయ్ మోచేత్తో పొడిచాడు. తనిఖీకొచ్చిన ఆఫీసరనుకుంటే పని చిటికెలో అయిపోతుంది. కానీ అబద్ధంతో మొదలయ్యే వ్యాపారం కృపకు మింగుడుపడలేదు.

"మేం ఆఫీసర్లం కాదండీ. సలహాలిచ్చేవాళ్లం."

"ఓస్, అంతేనా!" అంటూ ఆయన ఫ్యాను తన వైపు తిప్పుకున్నారు. కూల్‌డ్రింకు మాత్రం వెనక్కి అడగలేదు, అప్పటికే సగం తాగేసింది కాబట్టి.

ఉదయ్ లాప్‌టాప్ తెరిచాడు, ఆయన ఆవులించారు. కృప మాత్రం పూత వేసిన గాజులు కడిగే కుళాయినే చూస్తోంది. అది ఆగకుండా పారుతోంది. నాగాయలంక అవతల కృప వాళ్ల ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే. అందుకే నాయనమ్మ జ్ఞానమ్మ అంట్లన్నీ వరసగా మూడు బేసిన్లలో ముంచి తీసేది. మొదటి బేసిన్ మురికైతే ఆ నీళ్లు పారబోసి, రెండోదాంట్లోవి అందులోకి, మూడోదాంట్లోవి రెండోదాంట్లోకి వంచేది. కొత్త నీళ్లు మూడోదానికి మాత్రమే.

"మూడు టబ్బులిప్పించండి" అని కృప చున్నీ నడుముకు బిగించింది.

"మెరుపు తగ్గిందంటే మా బేరం గంగలో కలుస్తుంది తల్లీ!"

అయినా టబ్బులొచ్చాయి. ఒక కట్ట గాజులు నాయనమ్మ పద్ధతిలో, లోపలా బయటా తడిసేలా ముంచి కడిగింది. ఇంకో కట్ట కుళాయి కింద కడిగించింది. రెండూ ఆరాక, ఏది ఎలా కడిగారో చెప్పకుండా మంగతాయారు ముందు పెట్టారు. ముప్పై ఏళ్లుగా అక్కడ సరుకు ఎంచేది ఆమే. ఆమె కాదంటే యజమాని కూడా నోరెత్తరు.

మంగతాయారు కళ్లజోడు సర్దుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇదేనండీ బాగుంది. రెండోదాని మీద సన్నగా మరకలున్నాయి" అంటూ టబ్బుల్లో కడిగిన కట్టను ముందుకు జరిపింది.

గోవర్ధనరావు గారు స్వయంగా వెళ్లి కుళాయి కట్టేశారు. షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"సోమవారం వచ్చి మిగతా పనంతా చూడగలరామ్మా? వేరే పనేమన్నా ఉందా?"

కృప ఉదయ్ వైపు చూసింది. వాడి నవ్వు చెవుల దాకా సాగింది.

"లేదండీ. సోమవారం నాకే పనీ లేదు."

ఆయన ఫ్యాను మళ్లీ ఆమె వైపు తిప్పారు.