షమీమ్ ఏరని కప్పులు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ప్రతి ఆదివారం చర్చిలో అందరూ తల వంచి ఎవరి పాపాలు వాళ్ళు మనసులో చెప్పుకునే ఆ కాసేపూ నేను కరెంటు బిల్లు గురించో, పొయ్యి మీద మరిచిపోయిన పాల గురించో ఆలోచిస్తూ కూర్చుంటాను. దాని దగ్గరికి మాత్రం పోను. దేవుడికి చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు. రేపు ప్రొద్దుటూరు బజారులో ఎదురుపడినా పక్కకు తప్పుకుని పోతారు. అందుకేనేమో.

నా పేరు రాయను. ఆమెను షమీమ్ అంటాను. అది ఆమె అసలు పేరు కాదు.

ఇద్దరం జమ్మలమడుగులో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. షమీమ్ వాళ్ళది పులివెందుల, అమ్మమ్మ దగ్గర ఉండి చదివేది. తర్వాత ఇద్దరికీ ప్రొద్దుటూరు సంబంధాలే కుదిరాయి. ఆమె భర్త కువైట్ పోయాడు, నా భర్త ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇద్దరం కలిసి అంగడి పెట్టాం. కప్పుల మీద, బనియన్ల మీద, దిండు గలీబుల మీద ఫోటోలు అచ్చు వేసే అంగడి. సబ్లిమేషన్ ప్రింటింగ్ అంటారు. మిషన్ నాది. గిరాకీతో మాట్లాడేది నేను. ఖాళీ సరుకు ఏరి తెచ్చేది షమీమ్.

ఏరడమేముంది అనుకుంటున్నారా? నేనూ అట్లాగే అనుకున్నాను. ఈ పనిలో బొమ్మ వేయడం సులువు, మిషన్ వేస్తుంది. దేని మీద వేస్తున్నామన్నదే అసలు విషయం. నూలు బట్ట మీద ఈ రంగు నిలవదు, పాలిస్టర్ కావాలి. పింగాణీ కప్పుకైతే పైన ఒక పూత ఉండాలి. వేడికి రంగు ఆవిరై ఆ పూతలోకి దిగుతుంది. అసలు పూతే లేకపోతే బొమ్మ అప్పుడే వెలవెలబోయి తెలిసిపోతుంది. పూత పల్చగా ఉంటేనే మోసం. ప్రెస్‌లోంచి తీసినప్పుడు కప్పు కళకళలాడుతుంది. పీచు పెట్టి తోమేకొద్దీ బొమ్మ నీళ్ళలో కలిసి పోతుంది.

షమీమ్ డీలరు ముందే బనియన్ అంచు నుంచి దారం పీకి అగ్గిపుల్లతో కాల్చేది. బూడిదైతే విసిరికొట్టేది, ముద్ద కడితే తీసుకునేది. కప్పును ఎండకు ఏటవాలుగా పట్టి పిడి దగ్గర బొటనవేలితో రాసి చూసేది. ఆ వేలు ఎప్పుడూ తప్పలేదు. నేనూ అంతా ఆమెలాగే చేశాను. దారం కాల్చాను, ఎండకు పట్టాను. ఒకసారి నేను ఏరి తెచ్చిన బనియన్లు ఒక బడి ఆటల పోటీలకు ఇచ్చాం. ఒక్క ఉతుక్కే పిల్లల పేర్లు పాలిపోయాయి. షమీమ్ పగలబడి నవ్వి, "నీకు నోరిచ్చినాడు మే దేవుడు, కన్ను ఈయల్యా" అంది. ఆమె ఎగతాళికే అంది. ఆమెకు ఎగతాళి లేకుండా మాట రాదు. నేనూ నవ్వాను. ఇంటికి పోయాక అన్నం దిగలేదు.

అక్కడి నుంచి మొదలైంది. గిరాకీ గడప ఎక్కుతూనే "షమీమక్క లేదా?" అనేవాళ్ళు. నేను ఎదురుగానే ఉండేదాన్ని. నా భర్త కూడా "ఆమెను అడిగి తీసుకో" అనేవాడు. క్రిస్మస్‌కు మా చర్చిలో అందరికీ వాక్యం అచ్చేసిన కప్పులు పంచాలనుకున్నారు. మా అయ్యగారు, నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషి, "కప్పులు షమీమ్‌తోనే ఏరించు తల్లీ" అన్నారు. నా చర్చి, నా దేవుడి వాక్యం, వాటికి కూడా ఆమె వేలే కావాల్సి వచ్చింది. అసూయ అని రాద్దామనుకున్నాను. కుళ్ళు అనడమే సరి. లోపల కుళ్ళిపోయాను. ఆమె నాకు ఏ అన్యాయమూ చేయలేదు. చేసి ఉంటే ఇంకా తేలికగా ఉండేది.

ఎన్నికలు దగ్గరపడుతున్న ఏడు అది. జమ్మలమడుగు దగ్గరి ఒక ఊరి నుంచి ఆర్డరు వచ్చింది. ఆ ఊరి పెద్దాయనను అవతలి వర్గం చంపి చాలాకాలమైంది. ఫ్యాక్షన్ సద్దుమణిగిందని అందరూ అనేవాళ్ళు. నిజానికి బాంబులు పోయి జెండాలు వచ్చాయి. పాత పగలే పార్టీల పేర్లు పెట్టుకున్నాయి. ఆ పెద్దాయన వర్ధంతికి తమ వర్గంలోని ప్రతి ఇంటికీ ఆయన మొహం ఉన్న కప్పు పంచాలని ఆయన భార్య కోరిక. పొద్దున లేచి టీ తాగేటప్పుడు ఆయన మొహం వాళ్ళ చేతుల్లో ఉండాలట. వచ్చిన మనిషి "షమీమక్క ఏరిన కప్పులైతేనే" అని మరీ చెప్పి పోయాడు.

షమీమ్ ఎన్నడూ లేనంత జాగ్రత్త పడింది. ఒక నమూనా కప్పు మీద బొమ్మ వేయించి, ఇంట్లో స్టీలు పీచుతో రోజూ తోమి చూసింది. రెండు పెట్టెల సరుకు వస్తే ఒకటి ఉంచి, రెండోది వెనక్కి పంపమని పక్కన పెట్టింది. పిడి దగ్గర పూత పల్చగా ఉందట. నాకైతే రెండు పెట్టెలూ ఒకటే. అప్పుడు ఒక మాట అంది. "ఇది సచ్చినాయన మొగం మే. జెండా పోతే ఇంగో జెండా కుట్టిస్తారు. మొగం పోతే ఊర్లో నెత్తురు పోతాది."

ఆ మాట నేను విన్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న అబద్ధం ఏమిటంటే, ఇంత దూరం వస్తుందని నాకు తెలియదని. తెలుసు. ఆమె నోటితో చెప్పింది, నా చెవితో విన్నాను.

మరుసటి రోజు ఆమె తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారని పులివెందుల పోయింది. నేను అంగట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో మనుషులు తిరుగుతూనే ఉన్నారు. పెట్టెలు మార్చాను. ఆమె ఏరిన కప్పులను వెనక్కి పోయే పెట్టెలోకి, ఆమె వద్దన్నవాటిని ఆమె పెట్టెలోకి. ఇంటి సామాను సర్దుకున్నట్టు సర్దాను. మంచి కప్పుల్ని లారీ పార్శిల్‌లో డీలరుకు పంపేసి ప్రెస్ వేడెక్కించాను. ఏం కోరుకున్నాను? ఆమె నాశనమైపోవాలనా? కాదు. నలుగురొచ్చి "ఏంది షమీమక్కా, ఇట్లయింది" అంటే, ఆమె మొహం కాస్త చిన్నబోతే, నేను చూడాలని. అంతే కోరుకున్నాను. అది చిన్న కోరికలా రాస్తున్నాను, చూశారా? ఇప్పుడు కూడా.

కప్పులు అద్భుతంగా వచ్చాయి. షమీమ్ తిరిగి రాకముందే ఊరేగింపుగా తీసుకెళ్ళారు.

కొన్నాళ్ళకు ఆ ఊళ్ళో ఆడవాళ్ళు అంట్లు తోముతుంటే ఆయన నుదురు పోయింది. తర్వాత కళ్ళు, తర్వాత మీసం. అపశకునమని కొందరు కప్పులు దాచేశారు. అవతలి వర్గం వాళ్ళకు పండగ. "మీ పెద్దాయనను మేం ఒకతూరి సంపినాం. మీ ఆడోళ్ళు రోజూ కడిగి సంపుతాండారు" అని టీ అంగడి దగ్గర నవ్వారట. షమీమ్ తమ్ముడు పులివెందులలో ఆ అవతలి పార్టీ నాయకుడొకరి దగ్గర జీపు తోలేవాడు. అది ఎవరికీ పట్టని సంగతి, అప్పటివరకు. ఆర్డరు చేతిలో పెట్టుకుని ఆమె పులివెందులకు ఎందుకు పోయిందని పెద్దాయన వర్గం వాళ్ళు అడగడం మొదలుపెట్టారు.

ఆ పెద్దాయన భార్యే జీపులో వచ్చింది. వెనక ఇద్దరు మగవాళ్ళు. మొహం లేని కప్పును కౌంటరు మీద పెట్టింది. నేనూ షమీమ్ పక్కపక్కనే నిలబడి ఉన్నాం.

"ఎవురు ఏరినారుమ్మా ఈటిని?" అంది.

షమీమ్ నోరు తెరవకముందే నేను చెప్పాను. "ఏరేది ఎప్పుడూ షమీమే పెద్దమ్మా."

అబద్ధం కాదు. ఏ కోర్టులో అడిగినా అది నిజమే. నేను జీవితంలో ఆడిన అన్ని అబద్ధాలకంటే ఆ నిజం పాపిష్టిది.

షమీమ్ కప్పు తీసుకుంది. పిడి దగ్గర బొటనవేలితో రాసింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. "అవును పెద్దమ్మా. నేనే ఏరినా."

"పులివెందుల్లో ఎవురు చెప్పిచ్చినారు నీకు?" అన్నాడు వెనకనున్న మనిషి.

"ఎవురూ చెప్పల్యాన్నా. నాదే పొరపాటు."

పెద్దమ్మ కోప్పడలేదు, కేకలు వేయలేదు. "మీ తమ్మునికి చెప్పు, మా తట్టు రావద్దని" అని చెప్పి వెళ్ళిపోయింది.

అతను రాకుండా ఎట్లా ఉంటాడు? జీపు తోలి బతికేవాడు. ఎర్రగుంట్ల దగ్గర లారీల మధ్య జీపు ఆపి, కిందికి లాగి కాలు విరగ్గొట్టారు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. పుట్టింటివాళ్ళు షమీమ్‌ను గడప తొక్కనివ్వలేదు. కొంతకాలానికి ఆమె కూడా కువైట్ పోయింది, ఎవరింట్లోనో వంటపనికి. బస్సెక్కించడానికి నేను పోయాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అదే నాకు అర్థం కాని విషయం. ఆమె పోయాక గిరాకీ మెల్లగా ఆమె పేరు మరిచిపోయింది. అంగడి ఇప్పటికీ నడుస్తోంది. నా కన్ను మాత్రం ఇప్పటికీ అంతంతమాత్రమే.

ఇక్కడితో అయిపోతే ఇన్నాళ్ళు మోసినట్టే ఇంకా మోసేదాన్ని.

పోయినసారి సెలవులో ఆమె అంగడికి వచ్చింది. జుట్టు నెరిసింది, చేతులు మొద్దుబారాయి. మేం మాట్లాడుకుంటుండగా ఒక పెళ్ళికూతురు రెండు రకాల కప్పులు పట్టుకుని ఏది మంచిదని షమీమ్‌నే అడిగింది. ఎందుకు ఆమెనే అడిగిందో నాకు తెలియదు, జనం ఆమెనే అడుగుతారు. షమీమ్ చేతులు వెనక్కి లాక్కుంది. "నన్ను అడగద్దు పాపా. నా కన్ను మంచిది కాదు."

ఆ పిల్ల పోయాక నా వైపు తిరిగింది. "తమ్ముని కాడికి పొయ్యే తొందరలో పెట్టెలు నేనే మార్చి పెట్టినట్టుండా మే. ఆడ అంట్లు తోముతా శానాసార్లు మతికి తెచ్చుకుంటా. యాడ మార్చినానో అంతు చిక్కదు. వాని కాలు నేనే విరగ్గొట్టినా."

అప్పుడు నాకు ముందుగా కలిగింది ఏమిటో చెప్పాలి. జాలి కాదు. భయం కూడా కాదు. సంతోషం. ఆ వేలి మీద ఆమెకే నమ్మకం పోయిందని, ఒక్క క్షణం, కడుపు నిండినంత సంతోషం. ఆ తర్వాత నేను ఆమె చేయి పట్టుకుని, "పోనీలేమే, అయిపోయినదానికి" అన్నాను. నేను ఆమెను క్షమించాను! ఆమె కళ్ళు తుడుచుకుని, నీది మంచి మనసు అంది.

ఆమె మళ్ళీ కువైట్ పోయింది. ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చేయలేదు. చేస్తానని మీకు మాటివ్వను, ఇచ్చి తప్పే ఓపిక నాకు లేదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, ఎక్కడైనా, ఎవరి ముందైనా ఆ మాట బయటికి రావాలి. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.

పెట్టెలు మార్చింది నేను. షమీమ్ కన్ను ఎన్నడూ తప్పలేదు.