తలుపుదాకా రాని అద్దాల బీరువా

మా నాన్న లాలాగూడ వర్క్‌షాపులో రైలుపెట్టెల వడ్రంగి. ముప్పై ఏళ్లకు పైగా ముక్కూమొహం తెలియని జనం కూర్చోవడానికీ పడుకోవడానికీ చెక్కపని చేశారు గానీ, మా ఇంటికి ఒక పీట చేసి ఎరగరు. విజయనగరం వైపు నుంచి కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ ఒక ట్రంకు పెట్టె నిండా లక్కబొమ్మలు తెచ్చుకుంది. దసరా తొమ్మిది రోజులూ రైల్వే క్వార్టర్లో అవి కొలువు తీరేవి. ఆ తరవాత పాత చీర ముక్కలు చుట్టుకుని మంచం కిందికి పోయేవి. ఏటా విప్పినప్పుడల్లా ఒకదాని రంగు పెచ్చు లేచేది, ఇంకోదాని మెడ ఊడేది. అమ్మ ముఖం చూసి నాన్న, "రిటైరవనీవే, గోడకి గోడంత అద్దాల బీరువా చేసి పెడతాను," అనేవారు. ఆ మాట వింటూనే నేను బడికి వెళ్లాను, కాలేజీ దాటాను, మాదాపూర్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో కూడా చేరాను.

ఎవరింట్లో చూసినా కంప్యూటర్ కోర్సుల మాటలే వినపడే రోజులవి. నేను సికింద్రాబాదులోనే రెండో అంతస్తులో ఒక ఫ్లాటు కొన్నాను. నాన్న రిటైరయ్యాక ముగ్గురం అందులోకి మారాం. మారిన మూడు నెలలకే ఆయన సగం మనిషైపోయారు. డ్యూటీ వేళకే లేచి, స్నానం చేసి, ఎక్కడికి వెళ్లాలో తోచక బాల్కనీలో కూర్చునేవారు. పనిముట్ల సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. నాకసలే ముక్కు మీద కోపం. ఒక ఆదివారం పట్టలేక, "అమ్మకిచ్చిన మాట ఇంకెప్పుడు నాన్నా?" అనేశాను. అన్నాక, ఆయన ముఖం చూసి, నోరు మూసుకుని ఉంటే బాగుండేదనిపించింది. కానీ మర్నాడే సంచి మేకు దిగింది.

అప్పట్లో పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. బన్సీలాల్‌పేట్లో అలా పడగొట్టిన ఇంటి టేకు ద్వారబంధాలు బేరమాడి ట్రాలీ ఆటోలో తెచ్చాం. హాల్లో గోడ నేనే కొలిచాను. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు పెట్టుకోవచ్చు. కింద పార్కింగులో ఒక మూల నాన్న పని మొదలుపెట్టారు. చిత్రిక పడుతుంటే పైనున్న నల్లటి పొర పోయి లోపల తేనెరంగు చెక్క బయటపడేది. ఒక్క ఇనప మేకు వాడలేదు. చెక్కలో చెక్క దూర్చి, జిగురు పూసి, చెక్క చీలలతో బిగించారు. "రైలు కుదుపుకే కదలని బిగింపిది. ఇంట్లో ఏటి కదుల్తుంది?" అని మురిసిపోయేవారు. నడిమి నిలువుకి మాత్రం సింహద్వారం తాలూకు లావుపాటి దూలాన్ని అలాగే నిలబెట్టారు. నేను ఆఫీసు బస్సు దిగి, చున్నీ నడుముకి చుట్టుకుని ఉప్పుకాగితంతో రుద్దేదాన్ని. చివర్లో లక్క పాలిష్ మూడు పూతలు వేశాం. రాంగోపాల్‌పేట్ నుంచి తెచ్చిన అద్దాలు మాత్రం బీరువాని పైకెక్కించాకే బిగిద్దామనుకున్నాం.

దసరా ఇంకా రెండు రోజులుందనగా ఆరుగురం కలిసి బీరువా ఎత్తాం. మొదటి మెట్ల మలుపు దగ్గరే అది ఇరుక్కుంది. ఏటవాలుగా పెట్టాం, నిలబెట్టాం, తలకిందులు చేశాం. ఊహూఁ. వాచ్‌మన్ తల గోక్కుని, "సార్, గిది ఎట్ల ఎక్కుతది? జెర చూస్కొని చేసేదుండె," అన్నాడు.

నాన్న ఉద్యోగం చేసిన షెడ్డులో రైలుపెట్టెకి పెట్టే లోపలికొచ్చి బయటికి పోతుంది. సర్వీసు మొత్తంలో తలుపు గురించి ఆలోచించాల్సిన అవసరమే ఆయనకి రాలేదు. మరి నాకేం వచ్చింది? ఆఫీసులో పరాయివాళ్ల తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, గోడని నాలుగుసార్లు కొలిచి మెట్లవైపు కన్నెత్తి చూడలేదు. ద్వారబంధాలతో చేసిన బీరువా మా ద్వారం దాకా కూడా రాలేకపోయింది.

దాన్ని మళ్లీ పార్కింగులోకి దించాం. విప్పడానికి మేకులా, మరలా? నాన్న పైకెళ్లి సంచిని మేకుకి తగిలించేసి, "ఇంక నా పనైపోయిందమ్మా," అన్నారు. బీరువా పోతే పోయింది, ఆయన మళ్లీ ఆ సంచి దించరేమోనని నాకు భయమేసింది.

అమ్మ మాత్రం పండగ మొదటి రోజు పొద్దున్నే ట్రంకు పెట్టె కిందికి మోయించి, స్కూటర్ల మధ్య, ఆ బీరువాలోనే కొలువు పెట్టేసింది. సాయంత్రం అపార్టుమెంటు ఆడవాళ్లందరూ పేరంటానికి దిగారు. మొదటి అంతస్తు ఆవిడ బీరువా చుట్టూ తిరిగి చూసి, "మస్తుగుంది అంకుల్! మాకు సుత గిసొంటిది ఒకటి చేసిస్తరా?" అని అడిగింది. మెట్ల మీద నిలబడ్డ నాన్న విననట్టే పైకి వెళ్లిపోయారు.

ఆయుధపూజ రోజు అమ్మే సంచి దించి, రంపానికీ ఉలికీ పసుపూ కుంకుమా పెట్టి బొమ్మల కాళ్ల దగ్గర ఉంచింది. ఆ రోజు పనిముట్లు ముట్టకూడదు. మర్నాడు విజయదశమి. షెడ్డులో ప్రతి ఏడూ పూజ చేసిన పనిముట్టుతో చిన్న పనైనా మొదలుపెట్టడం నాన్నకి అలవాటు. అమ్మ ఆయన్ని కిందికి పిలిచి రంపం చేతికిచ్చింది.

"కోసెయ్యండి."

"కోస్తే ఏటి మిగుల్తుందే? రెండు ముక్కలైపోద్ది."

"అయితే ఏటండీ? అంత పొడుగు రైలు ఒక్కటే పెట్టా ఏటి? పెట్టెకి పెట్టె తగిలిస్తేనే కదా నడుస్తంది!"

నాన్న నడిమి దూలం మీద వేలితో పైనుంచి కిందికి గీత గీసి, చెవి మీద పెన్సిలు తీశారు. బొమ్మలు ట్రంకులోకి దించాక, ఆ దూలాన్ని నిలువునా చీల్చడానికి రెండు రోజులు పట్టింది. రంపానికున్న కుంకుమ చెక్కకి అంటుకుంది. సగాలు రెండూ ఏ ఇబ్బందీ లేకుండా మెట్లెక్కాయి. పైన వాటిని పక్కపక్కన ఆనించి, వెనక ఇనప కొక్కేలు తగిలించారు. అద్దాలు బిగించి, లోపల బొమ్మలు సర్దాక, అమ్మ పాత చీర ముక్కలన్నీ మడిచి నేల తుడిచే గుడ్డల్లో వేసేసింది. ఆ రోజు నేను ఆఫీసుకి వెళ్లలేదు, ఊరికే ఆ బీరువా ముందు కూర్చున్నాను.

వారం తిరిగాక ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. నాన్న లేరు. అమ్మని అడిగితే వేలితో కిందికి చూపించింది. మొదటి అంతస్తుకి దిగాను. ఆవిడ హాల్లో నిలబడి, "గోడ ఈడుంది అంకుల్," అంటోంది. నాన్న గడప దగ్గరే ఉండిపోయారు, చేతిలో టేపు.

"గోడ ఎక్కడికి పోతుంది తల్లీ? ముందు మీ తలుపు కొలవనీ," అన్నారు.

టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.