నిమ్మకాయలు తేలిన బావి

చోరనూరు దగ్గర మా మేనమామ చేలో ఒక లోతైన బావి ఉంది. దాని అడుగున పక్కకు ఒక గుహ. అందులో వేసిన గుమ్మడికాయ ఎక్కడో దూరాన ఉన్న మోకా అనే ఊళ్లో తేలిందని ఊరంతా చెప్తారు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నాకేమో సిలిండర్లు కట్టుకుని నీటిగుహల్లో దూరే పిచ్చి. ఆ గుమ్మడికాయ సంగతేదో తేల్చేద్దామని సిద్ధమయ్యాను.

దిగేముందు మామను కూర్చోబెట్టి చెప్పాను. ఆయన చర్చి పెద్ద, ఒకరి మాట, అందులోనూ మేనకోడలి మాట, వినే రకం కాదు.

"మామా, గుహలోంచి వచ్చినాక నువ్వు పైన పట్టుకున్న తాడు నడుముకు తగిలించుకుని ఇరవై అడుగుల లోతులో అరగంట కదలకుండా ఆగాల. రక్తంలో కలిసిన గాలి మెల్లగా పోవాల. ముందే లాగినావంటే చచ్చినా చస్తా."

"కదలకుంటే బతికుండావో లేదో నాకెట్ల తెలియాల?"

న్యాయమైన ప్రశ్నే. మా వైపు బావిలో దిగినవాడి తాడు కదలకపోతే పైవాళ్లు మారుమాట లేకుండా లాగేస్తారు. పూడిక తీసేవాళ్లు చాలామంది అలాగే బతికారు. పది నిమిషాలకొక నిమ్మకాయ వదులుతాను, అది తేలితే నేను బాగున్నట్టు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గుహలో ఉన్నదల్లా బురద. వంటగదంత చోటు, ఆ తర్వాత రాతిగోడ. మోకా లేదు, గుమ్మడికాయా లేదు. తిట్టుకుంటూ వెనక్కి వచ్చి, తాడు తగిలించుకుని, మొదటి నిమ్మకాయ వదిలాను.

గట్టు మీద చేరిన జనానికి ఈ ఏర్పాటు తెలియదని నాకు తట్టనే లేదు. బావిలోంచి నిమ్మకాయ తనంతట తాను పైకి వస్తే మా వైపు దానికి ఒకటే అర్థం, చేతబడి. తాడు ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. ప్రాణం పోయిందనుకున్నాను. మళ్లీ కదల్లేదు. మిగతా రెండూ బిక్కుబిక్కుమంటూ వదిలాను.

పైకి వచ్చేసరికి జనం లేరు, వాళ్ల చెప్పులున్నాయి. మామ ఒక్కడే తాడు మీద చతికిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఏంది మామా, తాడు మీద కూర్చున్నావు?"

"లాగప్పా లాగప్పా అని వాళ్లే గుంజిరి. తోసేస్తి. మళ్లీ నా చేతులే తాడు మీదికి పోతాండాయి. అందుకే దానిమీదే సుమ్నే, కదలకుండా కూర్చుంటి."

"నిమ్మకాయలు మూడూ వచ్చినాయా?"

"మొదటిది చూసి మూసిన కండ్లు, ఇంగా తెరవలే. చర్చి పెద్దనైతే నిమ్మకాయకు భయం ఉండదా పాపా?"

అంటే అంతసేపూ నేను బతికున్నానో లేదో ఆయనకు తెలియదు. లాగొద్దన్నానని లాగలేదు, అంతే. తడిచేయి ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు కళ్లు తెరిచాడు.