అక్క నల్లపూసల్లో పిల్లి దేవత

ఆ రోజుల్లో, దేన్నయినా కొలిచి, తూచి, రాసిపెట్టుకుంటే ఇక పొరపాటు జరగదని నమ్మేవాణ్ణి. నందిగామలో విత్తనాల కొట్లో కొత్తగా గుమస్తాగా చేరి, జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చేవాణ్ణి. ముక్త్యాల ఫ్యాక్టరీలో పనిచేసే మా బావకు నాణేల పిచ్చి. ఒక మంగళవారం ఆయన నా చేతిలో సీలు వేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ పెట్టాడు. లోపల బంగారు నాణెం, దాని మీద ఈజిప్టు వాళ్ళ పూర్వపు దేవత బాస్టెట్. మనిషి ఒళ్ళు, పిల్లి తల. బరువు అర గ్రాము, అడ్డం పదకొండు మిల్లీమీటర్లు (డబ్బీ పైనుంచే స్కేలు పెట్టి చూశాను). "శనివారం నందిగామలో మా స్నేహితుడికియ్యి బామ్మర్దీ. దీనికి బదులు, నేను మూడేళ్ళ నుంచి వెతికే నాణెం ఇస్తానన్నాడు. సీలు ఊడితే మాత్రం తీసుకోడు. వేలిముద్ర కూడా పడకూడదు" అన్నాడు.

ఇల్లంతా ఆలోచించి, ఎవరూ తాకని చోటని దేవుడి అరలో పెట్టాను. (అది శ్రావణ మాసమన్న సంగతి నా లెక్కలోకి రాలేదు. వరలక్ష్మీ వ్రతానికి ఏటా ఒక బంగారు లక్ష్మీ రూపు కొని, పూజలో పెట్టి, నల్లపూసల్లో గుచ్చుకోవడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ.) శుక్రవారం సాయంత్రం కొట్టు నుంచి వచ్చేసరికి, వ్రతానికి పుట్టింటికొచ్చిన అక్క వాయనం శనగలు పంచుతోంది. ఆమె నల్లపూసల మధ్య నుంచి పిల్లి తల నన్నే చూస్తోంది.

"అమ్మా, అదెక్కడిది?"

"నువ్వు తెచ్చిందేగా. దేవుడి అరలో పెడితే అక్కకి రూపు తెచ్చావనుకున్నా. డబ్బీ మూత ఎంతకీ రాకపోతే కత్తిపీటతో కోసా. కంసాలి ఆచారిగారు నిమిషంలో రింగు అతికిచ్చాడు. కొత్త డిజైనా అనడిగాడు."

"మొహం చూడలేదా?"

"కళ్ళజోడు లేకుండా ఏం కనపడిద్ది? ఆ చెవులు కిరీటమనుకున్నా."

అంతలో బావ డ్యూటీ దిగి వచ్చాడు. శనగల పళ్ళెం అందుకుంటూ భార్య మెడ చూశాడు. పళ్ళెం కింద పెట్టేశాడు. "తియ్యి" అన్నాడు, వినపడీ వినపడకుండా.

"పూజ చేసి కట్టిన రూపు తీయకూడదు బాబూ" అంది అమ్మ.

బావ నావైపు తిరిగాడు. "ఇక దీన్ని డబ్బీలో పెట్టాలంటే మీ అక్కని కూడా పెట్టాలి బామ్మర్దీ."

"రింగుతో కలిపి బరువు పెరిగింది బావా" అని ఓదార్చాను. (దసరా దాకా ఆయన నాతో మాట్లాడలేదు.)

మొన్న శ్రావణంలో అక్క వచ్చినప్పుడు చూశాను. ఇన్నేళ్ళ రాపిడికి పిల్లి మీసాలు అరిగిపోయాయి, చెవుల కొనలు గుండ్రబడ్డాయి. ఇప్పుడు నాకూ కళ్ళజోడు వచ్చింది. ఎందుకో కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాను. అమ్మ చెప్పినట్టే, కిరీటం.