వంకలోకి దిగిన గీత

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. దయ్యమన్నా, గాలి సోకడమన్నా నేను ఏనాడూ నమ్మినదాన్ని కాదు, ముందు ఆ మాటే రాయమన్నాను. కాపురానికి వచ్చిన నాటినుంచి గొర్రెల మంద పక్కనే పడుకున్నాను. పొద కదిలితే కట్టె పట్టుకుని పోయి చూసేదాన్నే గాని దండాలు పెట్టుకున్నది లేదు. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు తెగలేదు.

మాది కళ్యాణదుర్గం దగ్గర కొండ కింద ఊరు. మా ఇళ్లలో పెండ్లాం మొగుడి పేరు పలకదు. అందుకే మా ఆయన పేరు రాస్తున్న పిల్లే వేసింది, ఓబులేసు అని.

ఒక ఎండాకాలం, తప్పిపోయిన గొర్రె కోసం కొండెక్కిన ఆయన పొద్దుగూకినా రాలేదు. మగవాళ్లు పేరు పెట్టి పిలుచుకుంటూ కొండ అవతలికి పోయారు. నేను ఇవతల, నీళ్లెండిన వాగు, ఆ వంక పైనున్న కాలిబాటలో నిలబడి "ఓయ్... ఓయ్..." అని అరిచాను. గొర్రెలను మళ్లించే ప్రతివాళ్లూ అలాగే అరుస్తారు. బదులు రాలేదు. తిరిగొచ్చేశాను.

మర్నాడు ఆ వంకలోనే దొరికాడు. కాలు విరిగింది. తెల్లవారుజామున ప్రాణం పోయి ఉంటుందన్నారు. అంటే నేను అరిచినప్పుడు ప్రాణంతోనే ఉన్నాడు, వింటూ ఉన్నాడు. ఎవరో మందను పిలుస్తున్నారనుకుని ఊరుకున్నాడేమో. ఆయనను పైకి మోసుకొస్తుంటే నేను పైనే నిలబడి చూశాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ వంకలోకి దిగలేదు.

కొన్నేళ్లు గడిచాయి. సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే కనబడుతున్న కాలం. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీధర్ సారు, పిల్లల వీపులకు సంచులు తగిలించి కొండల్లో నడిపించేవాడు. వాళ్లకు దారి చూపడానికి నేను పోయేదాన్ని. ఒకసారి ఆయన, స్నేహితుడు ఖాసిం సారుతో కలిసి, దారి చూపే యంత్రాలు రెండు తెచ్చాడు. చేతిలో పట్టేంతవే. నడిచిన దారిని చిన్న తెర మీద గీతగా గీస్తాయి. బెంగుళూరు అంగడివాళ్లు చూసుకోమని ఇచ్చారట. ఒకటి ఉంచుకుని ఒకటి వాపసు చేయాలి.

నల్లది బరువు, బ్యాటరీ సెల్లులు ఎక్కువ తింటుంది. పసుపురంగుది తేలిక, బొత్తాలు పెద్దవి. శ్రీధర్ సారు మనసు పసుపుదాని మీదే ఉంది. ఇద్దరూ చెరొకటి పట్టుకుంటే తప్పు యంత్రానిదో నడకదో తేలదని రెండూ నా చేతికే ఇచ్చారు.

"దోవ నీకు తెలిసినట్ల ఈ డబ్బాలకు తెలుస్తాదా, నాగక్కా?" అన్నాడు ఖాసిం సారు.

"వాటికి కాళ్లు యాడుండాయి సారూ? మోసేది నేనే గదా," అన్నాను. ఇద్దరూ నవ్వారు.

పట్టపగలు. వంక పైనున్న కాలిబాట వెంబడే నేను ముందు, వాళ్లు వెనుక నడిచాం. కొండ దాటాక కూర్చుని తెరలు చూశారు. శ్రీధర్ సారు మొహం ముడిచాడు.

"నడమల వంకలోకి దిగినావా నాగక్కా?"

"మీ కండ్ల ముందరే గదా సారూ నడిచింది!"

నాకూ చూపించాడు. నల్లదాని గీత బాట వెంటే ఉంది. పసుపుదాని గీత సగంలో వంకలోకి దిగి, ఒకచోట దారం చిక్కుపడ్డట్టు గుమిగూడి, మళ్లీ పైకెక్కి బాటలో కలిసింది. బండలకు తగిలి సిగ్నల్ చెదిరిందన్నారు. వచ్చేటప్పుడు చేతులు మార్చి పట్టుకున్నాను. మళ్లీ అంతే. ఖాసిం సారు పసుపుదాన్ని తాను తీసుకుని ఆ ముక్క నడిచి చూశాడు. గీత బాట వదలలేదు. ఆయన నవ్వడం మానేశాడు.

గీత చిక్కుపడిన చోటు చూస్తానని శ్రీధర్ సారు యంత్రం పట్టుకుని వంకలోకి దిగాడు. పోయి పోయి ఒక చప్పట బండ పక్కన ఆగాడు. మా ఆయనను లేపింది ఆ బండ పక్కనుంచే. ఆ సంగతి నేను వాళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"ఈడనే నాగక్కా!" అని కింద నుంచి అరిచాడు. "ఏముండాది ఈడ? నువ్వూ దిగి రా!"

నేను బాట అంచునే నిలబడ్డాను. "ఏమీ లేదు సారూ, మీరే పైకి రాండి," అన్నాను.

ఊరికొచ్చాక సారు నన్నే అడిగాడు. "మోసింది నువ్వు గదా, రెండిట్లో యాది తీసుకుందాం?"

"నల్లదే తీసుకోండి. పసుపుది చెమట చేతికి జారతాది."

ఖాసిం సారు నన్ను వింతగా చూశాడు. "మోసేవాళ్లు తేలికది అడుగుతారు. నువ్వేందక్కా, బరువుదాన్ని అడుగుతాండావు?"

 నిజానికి పసుపుది జారనే లేదు. చేతిలో కోడిపిల్లలా ఒదిగి ఉండింది. నా మాట నమ్మి సారు నల్లది ఉంచుకున్నాడు. పసుపుదాన్ని పనికిరాదని బెంగుళూరుకు పంపించేశాడు.

మా ఆయన అక్కడ ఉన్నాడని నేను అనను. బండల వల్లే అయితే ఖాసిం సారు చేతిలో ఎందుకు చెదరలేదో వాళ్లూ చెప్పలేకపోయారు. ఆ రోజు ఎండ వెలుగు ఉంది, పక్కన మనుషులున్నారు, దిగే దారి నా కాళ్లకు తెలుసు. అయినా పైనే నిలబడ్డాను. ఊరికొచ్చి ఆ యంత్రం మీదే నింద వేశాను.

ఇప్పుడు దిగుదామన్నా ఈ వయసులో మోకాళ్లు వంగవు. ఆ గీత అక్కడికి ఎందుకు పోయిందో ఈ రోజుకీ నాకు అంతుపట్టలేదు. అది మాత్రం పోయింది. నేను పోలేదు.